కప్పకు కొత్త ఇంటిపేరు

సీసా బీరువా మీదికి ఎక్కి పదకొండు రోజులైంది. పన్నెండో రోజు పొద్దున యశోదమ్మ కాఫీ గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టి, మొగుడికి తేల్చి చెప్పేసింది.

"ఈ ఇంట్లో నేనన్నా ఉండల్ల, ఆ కప్పన్నా ఉండల్ల. దేవుడి పటాల పక్కన పీనుగను పెట్టుకోని యాడన్నా కాఫీ తాగుతారా మనుషులు?"

"పీనుగ కాదే, స్పెసిమన్," అన్నాడు సంజీవప్ప.

"పేరు మారిస్తే పీనుగ లేచి కూచుంటాదా?"

హిందూపురం డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క సంవత్సరాలు జువాలజీ చెప్పి, రిటైరై ఎనిమిదేళ్ళైన మనిషి సంజీవప్ప. మామూలుగా అయితే ఆయన దగ్గర జవాబులకు కరువు లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడంలో ఆయన్ను మించినవాడు ఆ కాలేజీలో లేడని పేరు. కానీ పేరు మార్చడం అనే మాట తగలాల్సిన చోటే తగిలింది. గ్లాసు దించి, లేచి, కప్పను కిందికి దించాడు.

కప్ప వచ్చింది కాలేజీ నుంచే. కొత్త లాబ్ కట్టారు, పాత సీసాలన్నీ తీసేస్తున్నారు. ఎప్పటి నుంచో అక్కడే అటెండరుగా ఉన్న రామాంజినేయులు ఫోన్ చేశాడు. "సార్, వరండాలో పెట్టేసినారు అన్నీ. మీకేమన్నా కావాలంటే వచ్చి తీసుకపోండి. రేపైతే నేనేం చెప్పలేను." సంజీవప్ప చొక్కా కూడా సరిగా గుండీలు పెట్టుకోకుండా పోయాడు. ఎండలో వరసగా సీసాలు. తేలు, జెర్రి, తొండ, నక్షత్రచేప, సగం కరిగిపోయిన జలగ. ఒక్కొక్కదాని ముందు నిలబడి దాని పేరు నోట్లో అనుకుంటూ పోయాడు. ఒక్కటీ తప్పలేదు. కళ్ళు తడి అయితే ఫార్మలిన్ ఘాటు అన్నాడు రామాంజినేయులుతో. అన్నిట్లో ఆయన తెచ్చుకున్నది కప్ప ఒక్కటే. కారణం సీసా మీద ఉన్న కాగితం ముక్క. వంకర అక్షరాలతో ఇంగ్లీషులో 'రానా టైగ్రినా' అని కప్ప సైన్సు పేరు రాసి ఉంది. అది కేశవ అనే కుర్రాడి రాత. రాయాల్సింది మాత్రం కేశవ కాదు.

ఆ లాబ్‌లో ఒక ఆచారం ఉండేది. పెట్టింది సంజీవప్పే. రెండో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో ఎవరు ఫస్టు వస్తే వాళ్ళు, వేసవి సెలవులకు ముందు మ్యూజియంలో లేబుల్ లేని, చెరిగిపోయిన సీసాలన్నిటికీ కొత్త లేబుళ్ళు రాయాలి. ఇండియన్ ఇంకు, స్టీలు పాళీ, ఆయన సొంతంగా తెప్పించిన దళసరి కాగితం. లేబుల్ వెనకవైపు, సీసాకు అంటుకునే చోట, రాసినవాళ్ళు తమ పేరు చిన్నగా రాసుకోవచ్చు. బయటికి ఎవరికీ కనపడదు. కనపడకపోయినా ఆ జంతువు ఉన్నంత కాలం దాని వీపు వెనక తమ పేరు ఉంటుంది. బంగారు పతకం ఇస్తానన్నా ఆ పిల్లలు దానికోసం అంత కొట్టుకునేవాళ్ళు కాదు.

పేర్లు నేర్పడంలో సంజీవప్పది ఒక దారి. మొదటి క్లాసులోనే బోర్డు మీద ఒక పిల్లవాడి పేరు ఇంటిపేరుతో సహా రాయించేవాడు. "చూడండప్పా, మనమేం చేస్తాం? ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ఇంగ్లీషోడికి తలకిందులు. సైన్సు మాత్రం మన దారిలోనే పోతాది. ముందొచ్చేది ఇంటిపేరు, దానికి పెద్దక్షరం. వెనకాల వచ్చేది సొంత పేరు, అది ఎంత గొప్ప జంతువుదైనా సరే చిన్నక్షరమే. సింహానిదైనా, బొద్దింకదైనా. చేత్తో రాస్తే కింద గీత కొట్టల్ల, రెండింటికీ కలిపి కాదు, దేనికదే." ఆ తర్వాత ఏడాది పొడుగునా పేర్లే. మెట్లు దిగుతున్న పిల్లను ఆపి వానపాము అనేవాడు. సైకిల్ తొక్కుతున్న పిల్లవాణ్ణి ఆపి పిచ్చుక అనేవాడు. చెప్తే వదిలేవాడు, లేకపోతే రేపటికి యాభైసార్లు. పిల్లలు ఆయన కనపడితే సందులు వెతుక్కునేవాళ్ళు. ఇప్పుడు ఆ పిల్లలే తలలు నెరిసి బజార్లో ఎదురైనప్పుడు, నమస్కారానికి బదులు ఆ పిచ్చుక పేరే, "పాసర్ డొమెస్టికస్ సార్!" అంటారు. అంతకంటే పెద్ద దండ సంజీవప్ప మెడలో ఎవరూ వేయలేదు.

ఏటా ఒకసారి పిల్లల్ని హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు తీసుకుపోయేవాడు. తట్టల్లో తెల్లగా, పసుపుగా గూళ్ళు, వేలం కేకలు, పక్కనున్న దారం తీసే షెడ్లలోంచి ఉడికిన పురుగుల వాసన. ఒక గూడు తీసి పైకెత్తి, "దీన్ని కట్టినోడి పేరు?" అనేవాడు. తొంభై తొమ్మిదిలో అలా అడిగినప్పుడు, ఎప్పుడూ నోరు తెరవని ఒక పిల్ల వెనక నుంచి "బాంబిక్స్ మోరీ" అంది. అని ఊరుకోలేదు. "మా ఇంటికి దారమై వస్తాది సార్. ఇంతవరకు దీన్ని పురుగుగా చూళ్ళేదు," అంది. ధర్మవరం పిల్ల. పేరు మంజులత. నాయన శ్రీరాములు మగ్గం నేస్తాడు. రోజూ రైల్లో వచ్చి పోయేది. రాత చూస్తే అచ్చు వేసినట్టు ఉండేది, ఎందుకంటే చిన్నప్పటి నుంచి చీర డిజైన్లు గళ్ళ కాగితం మీద గీసిన చెయ్యి. లేబుళ్ళు ఈ పిల్లే రాస్తుందని ఆ రోజే అనుకున్నాడు సంజీవప్ప. పైకి అనలేదు గానీ, ఆ ఏడు కాగితం కూడా ఇంకాస్త మంచిది తెప్పించాడు.

మరుసటి సంవత్సరం పరీక్ష. బల్ల మీద పది నమూనాలు. కప్ప దగ్గర అందరూ రానా టైగ్రినా అని రాశారు. మంజులత 'హోప్లోబెట్రాకస్ టైగెరినస్' అని రాసింది. సంజీవప్ప ఎర్రకలంతో అడ్డంగా కొట్టేశాడు. ఒక మార్కు పోయింది. ఆ ఒక్క మార్కు తేడాతో కేశవ ఫస్టు వచ్చాడు, వంకర అక్షరాలతో నలభై సీసాలకు లేబుళ్ళు రాశాడు. పేపర్లు ఇచ్చిన రోజు ఆ పిల్ల లేచి, లైబ్రరీలో ఒక పత్రికలో చూశానని ఏదో చెప్పబోయింది. కూర్చోమన్నాడు. కూర్చుంది.

రెండేళ్ళ తర్వాత అనంతపురంలో లెక్చరర్లకు శిక్షణ తరగతులు జరిగితే, అక్కడ ఒక పెద్దాయన మాటల్లో మాటగా చెప్పాడు. మన కప్పను ఆ పాత ఇంట్లోంచి తీసి వేరే ఇంట్లో చేర్చి పదేళ్ళైందట. కొత్త ఇంటిపేరు హోప్లోబెట్రాకస్. సంజీవప్ప నోట్‌బుక్కులో ఆ పేరు రాసుకుంటుంటే ఆ ఎర్రగీత గుర్తొచ్చింది. అప్పటికి ఆ పిల్ల డిగ్రీ అయి వెళ్ళిపోయింది. మన పాఠ్యపుస్తకం ఇంకా మారలేదు కదా అని మనసుకు ఒక సాకు చెప్పుకున్నాడు. పుస్తకం మారకపోవడం ఆయనకు చాలా ఏళ్ళు అక్కరకొచ్చింది. కానీ కప్ప సీసా దగ్గరికి వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించి, పాత పేరు గబగబా చెప్పేసి పక్క సీసాకు జరిగేవాడు. ఆ విషయం పిల్లలకు తెలియదు, ఆయనకు తెలుసు.

ఇప్పుడు సీసాను టవల్లో చుట్టి, వైరు బుట్టలో దించాడు. పాళీ, ఇంకు, కత్తిరించిన దళసరి కాగితం జేబులో పెట్టుకున్నాడు. ఆ మార్కు ఆ పిల్లకు ఇచ్చేయాలి, ఆ లేబుల్ ఆ పిల్ల చేతే రాయించాలి. రాస్తుందో రాయదో, అసలు గడపలోకి రానిస్తుందో లేదో తెలియదు. అడ్రసు రామాంజినేయులు ఇచ్చాడు. కూతురి పెళ్ళికి చీర అక్కడే తెచ్చాడట.

ప్యాసింజరు రైల్లో కిటికీ సీటు దొరికింది. బుట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ మలుగూరు దాటేదాకా ఓపిక పట్టి, ఇక పట్టలేక అడిగింది.

"ఏం ఊరగాయ సామీ అది? మామిడికాయా, నిమ్మకాయా?"

"కప్ప తల్లీ."

ఆవిడ నవ్వింది, హాస్యమాడుతున్నాడని. టవల్ కొంచెం తొలగించి చూపించాడు. ఆవిడ చేతిసంచి తీసుకుని రెండు వరసలు అవతలికి పోయి కూర్చుంది. పెనుకొండ దాకా అక్కడి నుంచే ఆయన్ను గమనిస్తూ ఉంది, ఎప్పుడు మంత్రం వేస్తాడో అని.

పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చింది. మీద కోటగోడ, కింద ఎండిన చేలు. ఒకప్పుడు ఇదే రైల్లో, వానాకాలం ప్రాక్టికల్స్‌కు కప్పలు కావాలంటే రామాంజినేయులూ తానూ పెనుకొండలో దిగేవాళ్ళు. చెరువు గట్టు వెంబడి లాంతరు పట్టుకుని తిరిగి, గోనెసంచి నిండా తెచ్చేవాళ్ళు. సంచి రైల్లో బెకబెకమంటుంటే టికెట్ కలెక్టరు పడీపడీ నవ్వాడు ఒకసారి. ఇప్పుడు కప్పలు కోయడం లేదు, మంచిదే. కానీ ఆ చెరువులో నీళ్ళూ లేవు, కప్పలూ లేవు. పేరు ఏదైతేనేం, అరిచేది ఉండాలి కదా అనిపించింది. ఆ రోజులు గుర్తొస్తే ఆయనకు ఆకలేసినట్టు ఉంటుంది. స్టేషన్లో రెండు వడలు కొని తిన్నాడు, ఆకలి అది కాదని తెలిసి కూడా.

ధర్మవరంలో వీధిలోకి తిరగగానే మగ్గాల చప్పుడు. మూడో ఇల్లు. తలుపు తీసే ఉంది. ముందు గదిలో నేల మీద గళ్ళ కాగితం పరచుకుని, పెన్సిల్‌తో ఒక్కో గడీ నింపుతున్న నలభై అయిదేళ్ళ మనిషి తలెత్తింది. లోపలి గదిలో గుంత మగ్గం ఆడుతూ ఉంది.

"సంజీవప్ప సారా?" లేచి నిలబడింది. "ఏంది సార్ ఇట్లొచ్చినారు? రండి, కూచోండి. నీళ్ళు తెస్తా."

అత్తగారిల్లు రెండు వీధుల అవతలట. పగలంతా నాయన దగ్గరే ఉంటుందట, ఆయన నేస్తాడు, తను డిజైన్లు గీస్తుంది. నీళ్ళిచ్చింది, కాఫీ ఇచ్చింది, యశోదమ్మగారు బాగుండారా అని అడిగింది. సంజీవప్ప అన్నిటికీ తల ఊపి, బుట్టలోంచి సీసా తీసి కాగితం పక్కన పెట్టాడు. చెప్పాల్సింది దారంతా మననం చేసుకుంటూ వచ్చాడు గనక ఆగకుండా చెప్పేశాడు.

"తప్పు నాదమ్మా. నువ్వు రాసిందే నిజం. నాకు రెండేళ్ళకే తెలిసె. తెలిసీ నోరు మూసుకోనుంటి. ఆ మార్కు నీది. ఈ లేబుల్ నువ్వు రాయల్ల. కాగితం, పాళీ తెచ్చినాను."

మంజులత సీసా చుట్టూ వేలితో మెల్లగా తిప్పింది. లోపల కప్ప తెల్లగా పాలిపోయి, ఎటో చూస్తూ ఉంది.

"మార్కు సంగతి ఎప్పుడో పాయె సార్," అంది. "కేశవ రాస్తాంటే కడుపులో మండింది. ఒక ఎండాకాలం ఏడ్చినా. అంతే. దానికోసం మీరింత దూరం వచ్చే పన్లేదు."

"మరి రాయమ్మా."

"ఆ పొద్దు మీరొక మాటన్నారు సార్."

"ఏమన్నాను?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "నిజంగా గుర్తు లేదా?"

సంజీవప్ప వెతికాడు. ఆ గది గుర్తుంది. కిటికీ పక్క బల్ల, బల్ల మీద పది నమూనాల వరస, కప్ప ఏడోది. ఆ పిల్ల కట్టుకున్న లంగా ఓణీ రంగు కూడా గుర్తుంది. మాట లేదు.

"నేను లేచి, ఈ పేరు చదివినా సార్ అంటే, మీరు నవ్వినారు. 'పుస్తకంలో లేని పేరు యాడిదమ్మా? మీ నాయన మగ్గంలో నేసినాడా?' అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ పేజీ జెరాక్సు తీసుకొచ్చింటి సార్, మీకు చూపిద్దామని. సంచిలోంచి తీయలే. మర్నాటినుంచి నన్ను అందరూ 'మగ్గం' అన్నారు. ఈ కేశవే మొదలుపెట్టింది."

లోపల మగ్గం చప్పుడు అలాగే వస్తూ ఉంది.

"నాయనకు చెప్పలే. ఆయనకు మీరంటే దేవుడే. ఎమ్మెస్సీకి అప్లికేషన్ కూడా తెచ్చిచ్చినాడు, లైన్లో నిలబడి. నేనే వద్దంటి. ఈ చదువు చాలా పాపా? అన్నాడు. చాల్లే నాయనా అన్నా. ఇంకో క్లాసులో ఇంకోరు అదే మాటంటే ఇనే ఓపిక ల్యాకపాయె."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఆయన ఎందరికో చెప్పి ఉంటాడు. నాలుగు వందల జంతువుల పేర్లు నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా చెప్పగల మనిషి, ఒక పిల్ల జీవితాన్ని పక్కకు తిప్పిన తన మాటను ఆ సాయంత్రం ఇల్లు చేరేలోపే మరిచిపోయాడు. ఆమెకు ఇరవై అయిదేళ్ళుగా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఒక మార్కు బుట్టలో పెట్టుకుని ఎంత గొప్పగా వచ్చాడు తను! జేబులో పాళీ తొడకు గుచ్చుకుంటుంటే తీసి కింద పెట్టాడు.

"మీ నాయనను చూడల్లమ్మా," అన్నాడు లేస్తూ.

"వద్దు సార్. ఆయనకేమీ తెలీదు. ఎందుకిప్పుడు?"

"తెలియాల్సింది ఆయనకే గదా. అనింది ఆయన్ను గదా."

ఆమె అడ్డం రాలేదు. సంజీవప్ప లోపలికి పోయాడు. గుంతలో కాళ్ళు పెట్టుకుని శ్రీరాములు నేస్తున్నాడు. డెబ్బై అయిదు దాటిన మనిషి, వంగిన వీపు, మునివేళ్ళు మాత్రం కుర్రవాడివి. సార్‌ను చూసి అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆపి చేతులు జోడించాడు. సంజీవప్ప నిలబడి మాట్లాడలేకపోయాడు. మగ్గం పక్కన నేల మీద, ఆయన ముఖానికి సరిగ్గా తన ముఖం వచ్చేటట్టు కూర్చున్నాడు. కూర్చుని, కప్ప పేరు సంగతి, కొట్టేసిన మార్కు సంగతి, చివరికి ఆ మాట, ఆ మాటను ఆ మాటగానే చెప్పాడు. మెత్తబరచలేదు. క్లాసంతా నవ్విందని కూడా చెప్పాడు. గుమ్మం దగ్గర మంజులత ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది.

"తప్పు చేసినా శ్రీరాములన్నా. నీ పని మీద నవ్విస్తి. నీ బిడ్డ చదువు ఆడనే ఆగిపాయె."

శ్రీరాములు ముందు కూతురి వైపు చూశాడు. చాల్లే నాయనా అన్న రోజు నుంచి ఇప్పటి దాకా ఉన్నదంతా ఆ చూపులోనే అర్థమైనట్టుంది. మగ్గానికి పొడుగునా బిగించిన దారాల పాగు మీద అరచెయ్యి వేసి అటూ ఇటూ నిమిరాడు, దారాలు తెగాయేమో చూసుకున్నట్టు.

"ఇన్నేండ్లు ఎట్ల పెట్టుకుంటివి పాపా కడుపులో," అన్నాడు.

ఆమె ఏడ్చింది. దాచుకోకుండా, చిన్నపిల్లలాగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంజీవప్ప తల వంచుకుని కూర్చున్నాడు. తిడితే బాగుండునని ఉంది ఆయనకు. లేచి పొమ్మంటే ఇంకా బాగుండును.

శ్రీరాములు పంచె చెంగుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత సార్ వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. బేరం మాట్లాడే నేతగాడి గొంతు.

"మీ నాయన మగ్గంలో నేసినాడా అంటిరి."

"అంటిని."

"అప్పుడు నేయలేదు సామీ, నిజమే. ఎవరూ అడగలే." పాగు మీద చేత్తో చూపించాడు. "ఈ చీర సాయంత్రానికి దిగుతాది. ఇంకో చీర మొదలుపెట్టేముందు జానెడు పాగు ఊరికే వదిలిపెడతాం. దాంట్లో నేస్తా. జరీతోనే నేస్తా. పేరు చెప్పండి."

సంజీవప్ప నేల మీద ఇంకాస్త ముందుకు జరిగాడు.

"పాపా, కాగితం తే. సార్ చెప్తాడు, గీయి."

మంజులత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ పేరు ఆమెకు చెప్పాల్సిన పని లేదు, ఆయన కంటే ముందే తెలుసు. అయినా కొత్త గళ్ళ కాగితం తెచ్చి, నాయనకూ సార్‌కూ మధ్యన నేల మీద పరచుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. కూర్చుని ఆయన వైపు చూస్తూ ఆగింది.

రిటైరయ్యేదాకా ఒక్క క్లాసులోనూ సంజీవప్ప ఆ పేరు పైకి అనలేదు. ఇప్పుడు అన్నాడు. మొదటిసారి సగంలో తెగింది. రెండోసారి పూర్తిగా వచ్చింది.

"నిదానంగా సామీ," అన్నాడు శ్రీరాములు, గుంతలోంచి ముందుకు వంగి. "ఒక్కొక్క అక్షరం. నేసినాక కొట్టేసేదానికుండదు."